మన ఎండసీమ పెరటిలో టమాటా

రాయలసీమలో టమాటా చొరని వంటయిల్లు అరుదు. రాగి సంగటికి తోడైన ఊరిబిండిలోను, పప్పులోను, చారులోను, దావతునాడు వండే దాల్చాలోను, టమాటే కా కట్‌లోను అది ఉండవలసినదే. ఇంత నిత్యావసరమైన ఈ కాయను గూర్చి మనము ఆలోచించేది మాత్రము రెండు సందర్భములలోనే. అంగడిలో ధర మండిపోయినప్పుడు ఒకసారి. గిట్టుబాటు కాక రైతు తన పంటను రోడ్డు ప్రక్కన పారబోసిన చిత్రమును పత్రికలో చూచినప్పుడు ఇంకొకసారి.

2023వ సంవత్సరము ఈ రెండు దృశ్యములను రెండు నెలల వ్యవధిలో చూపినది. ఆ యేడు జూలై నెలాఖరున మదనపల్లె మార్కెట్లో మొదటి రకము కాయ కిలో 200 రూపాయల దరిదాపునకు చేరినది. ప్రభుత్వమే టమాటాలను కొని, రైతు బజార్లలో కిలో 50 రూపాయలకు అమ్మించవలసి వచ్చినది. సెప్టెంబరు నాటికి ధర నేలకు దిగి, కర్నూలు జిల్లా రైతుకు కోత కూలి, బండి కిరాయి సైతము గిట్టని స్థితి ఏర్పడినది.

ఈ సంచికను చదివే విద్యార్థులలో పత్తికొండ, ప్యాపిలి, డోన్ ప్రాంతముల రైతుబిడ్డలు ఉండకపోరు. వారికి టమాటా సాగు నేర్పుట నా ఉద్దేశము కాదు. ఆ విద్యలో వారే నాకు గురువులు. పట్టణములో ఇరుకైన పెరడో, మిద్దెపై కొంత చోటో ఉండి, నాలుగైదు కుండీలు పెట్టుకొనగలవారి కొరకు ఈ వ్యాసము. వారు మొదట అడిగే ప్రశ్న ఇది: "ధర పెరిగినప్పుడు ఇంటి మొక్క మనలను ఆదుకొంటుందా?" మన ప్రాంతములో దీనికి సమాధానము, "వేసవిలో ఆదుకొనదు" అనియే. ఆ మాటకు కారణము తెలిసికొంటే, ఏ విధముగా ఆదుకొనేటట్లు చేసికొనవచ్చునో కూడ తెలియును.

పేరు – పుట్టుక

టమాటా మన నేలలో పుట్టినది కాదు. దాని తొలి బంధువులు దక్షిణ అమెరికా పశ్చిమ భాగమున ఆండీస్ పర్వత ప్రాంతములో పుట్టినవి. మెక్సికో ప్రజలు దానిని సాగుబడికి తెచ్చినారు. "టమాటా" అన్న పేరు కూడ అక్కడి నహువాతల్ భాషలోని "తొమాత్ల్" అన్న మాట నుండి వచ్చినదే. పదునారవ శతాబ్దములో స్పెయిన్ దేశీయులు దానిని ఐరోపాకు చేర్చినారు. మన దేశమునకు అది పోర్చుగీసువారి ద్వారా వచ్చినదని చెప్పుదురు.

క్రొత్త వస్తువు వచ్చినప్పుడు జనులు తమకు తెలిసిన వస్తువు పేరునే దానికి తగిలించి పిలుతురు. తెలుగులో దీనికి "రామములగ" అని పేరు. ఉర్దూ, హిందీలలో "విలాయతీ బైంగన్" అన్నారు. అనగా సీమ నుండి వచ్చిన వంకాయ. ఈ పేర్లు పెట్టినవారు వృక్షశాస్త్రము చదివినవారు కారు, అయినను వారి చూపు తప్పలేదు. ములక, వంగ, మిరప, బంగాళాదుంప, టమాటా అన్నీ ఒకే కుటుంబమునకు చెందినవి. ఈ బంధుత్వము పెరటి సాగులో కూడ పనికివచ్చే సంగతి. ఒకదానికి పట్టిన తెగులు మరొకదానికి సులభముగా సోకును. కనుక వంగ గాని, మిరప గాని పెరిగిన కుండీలోని మంటిలో వెంటనే టమాటాను నాటరాదు.

పూత ఎందుకు రాలును?

టమాటా పువ్వులో ఆడ, మగ భాగములు రెండును ఉండును. పుప్పొడి కీలాగ్రముపై పడి మొలకెత్తిననే పిందె కట్టును. ఈ కార్యము జరుగుటకు పగటి వేడి 30 సెంటిగ్రేడు డిగ్రీల లోపుండి, రాత్రి చల్లగా ఉండుట మేలు. పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రియు ఉక్కగా ఉన్నచో పుప్పొడి చచ్చుబడును. పువ్వు విచ్చును గాని కట్టదు. కాడతో సహా పసుపుబారి రాలిపోవును. మొక్క పచ్చగా, ఏపుగా ఉన్నను కాయ ఉండదు.

కర్నూలు, కడప పట్టణములలో ఏప్రిల్, మే నెలలలో 42, 43 డిగ్రీల వేడి సాధారణము. అట్టి వేడిలో ఇంటి మొక్క కాయకపోవుటకు మన అశ్రద్ధ కారణము కాదు. అంతేకాదు, చివరి దశలో ఉన్న కాయ కూడ ఆ ఎండలో ఎర్రబడదు. టమాటాకు ఎర్రదనమిచ్చే లైకోపీన్ అను పదార్థము 21 నుండి 24 డిగ్రీల వరకు గల వేడిలో బాగుగా ఏర్పడును; 30 దాటినకొలది దాని తయారీ మందగించి, కాయ నారింజ వన్నెలోనే ఆగిపోవును.

వేసవి ముగిసినంతనే ధర ఎందుకు పెరుగునో ఇప్పుడు తేటపడును. మన పెరటిలో పూతను రాల్చిన ఎండయే పొలములో కూడ రాల్చును. ఎక్కడను కాయ లేనప్పుడే అంగడిలో ధర పెరుగును. అప్పుడే మన కుండీలోను కాయ ఉండదు. కావున ధర పెరిగిన పిమ్మట విత్తనములు కొని తెచ్చుట, దాహమైనప్పుడు బావి త్రవ్వుట వంటిది. చల్లని నెలలలో పండించి, మండే నెలలకు దాచుకొనుట ఒక్కటే మన ప్రాంతమునకు తగిన ఉపాయము.

నెలల లెక్క

కర్నూలు ప్రాంతమున సాలు వర్షము 670 మిల్లీమీటర్ల చుట్టు, కడపలో 700 మిల్లీమీటర్ల చుట్టు ఉండును. కర్నూలుకు నైరుతి ఋతుపవనము ముఖ్యము. కడపకు అక్టోబరు, నవంబరులలో ఈశాన్య ఋతుపవనము కూడ చెప్పుకొనదగిన వాన ఇచ్చును. ఈ భేదమును గుర్తుంచుకొని లెక్క వేసికొనవలెను.

మొదటి విడత నారును ఆగస్టు చివర పోయవచ్చును. వారము దినములలో మొలకలు వచ్చును. నాలుగు వారములకు, నాలుగైదు ఆకులు తొడిగినప్పుడు, సెప్టెంబరు చివరన కుండీలలోనికి మార్చవలెను. నాటిన నెలకు పూత, రెండు నెలలు దాటిన పిమ్మట పండ్లు. అనగా డిసెంబరు మొదలు ఫిబ్రవరి వరకు కోత ఉండును. రెండవ విడత నారును నవంబరు నడుమ పోసి, డిసెంబరులో నాటినచో, ఫిబ్రవరి మధ్య నుండి మార్చి చివరి వరకు కాయలు దొరకును. జనవరి దాటిన పిమ్మట నారు పోయరాదు; ఆ మొక్క పూతకు వచ్చునప్పటికి ఎండలు ముదిరి ఉండును.

ధర పెరుగుటకు వేసవి కాక రెండవ కారణము కూడ కలదు. అది అకాలపు కుంభవృష్టి. 2021 నవంబరులో కడప, చిత్తూరు జిల్లాలలో వరదలు వచ్చినప్పుడు పొలములలో నీరు నిలిచి టమాటా కుళ్ళినది. ధర 100 రూపాయలు దాటినది. అట్టి సమయమున పొలము కంటె కుండీకే మేలు. అడుగున రంధ్రములున్నచో నీరు నిలువదు. అవసరమైనచో వసారాలోనికి జరుపుకొనవచ్చును. కాబట్టి కడపవారు చూరు నీరు నేరుగా మొక్కపై పడని చోటు ఎంచుకొనవలెను.

విత్తనము, మన్ను, బండ

పెరటికి పూసా రూబీ, అర్కా వికాస్, పి.కె.ఎం.-1 వంటి సూటి రకములు చాలును. వీనిలో బెంగళూరు సమీపములోని హెసరఘట్టలో గల భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ విడుదల చేసిన అర్కా వికాస్‌కు కొంత నీటి ఎద్దడిని తట్టుకొనే గుణమున్నది. అదే సంస్థకు చెందిన అర్కా రక్షక్ ఆకుముడత మొదలైన మూడు తెగుళ్ళకు నిలువగల సంకర రకము. కాని సంకరమగుటచే దాని విత్తనములు మరుసటి యేటికి దాచుటకు పనికిరావు. చారుకు, ఊరిబిండికి పుల్లని నాటు కాయయే రుచి. దాని నుండి బాగా పండిన కాయ నొకదానిని ఎన్నుకొని, గింజలను రెండు దినములు నీటిలో పులియబెట్టి, కడిగి నీడలో ఆరబెట్టినచో ఖర్చు లేని విత్తనము సిద్ధము. కడప సమీపములోని ఊటుకూరు, ఎమ్మిగనూరు సమీపములోని బనవాసి కృషి విజ్ఞాన కేంద్రములలో రకములను గూర్చి సలహా పొందవచ్చును.

ఒక్కొక్క మొక్కకు పదునైదు లీటర్ల పాత్ర కావలెను. పగిలిన బక్కెట్టు, నూనె డబ్బా ఏదైనను సరే. అడుగున నాలుగైదు రంధ్రములు తప్పనిసరి. రెండు పాళ్ళు ఎర్రమన్ను, ఒక పాలు బాగుగా మాగిన పశువుల ఎరువు, ఒక పాలు ఇసుక, ఒక పిడికెడు వేపపిండి కలిపి నింపవలెను. నల్లరేగడి మంటిని మాత్రమే నింపరాదు. అది తడిసినప్పుడు జిగురై, ఎండినప్పుడు పగుళ్ళు విచ్చి వేళ్ళను తెంచును. నారును తొలి ఆకుల వరకు లోతుగా నాటవలెను. మంటిలో పూడిన కాండమునుండి క్రొత్త వేళ్ళు పుట్టును.

మన ఇండ్లకు ప్రత్యేకమైన ఇబ్బంది ఒకటి కలదు. కడప బండలు, బేతంచెర్ల బండలు పరచిన పెరడు గాని మిద్దె గాని మధ్యాహ్నమునకు పెనమువలె కాగును. బండపై నేరుగా నిలిపిన కుండీలో వేళ్ళు ఉడికిపోవును. రెండు ఇటుకలు వేసి వానిపై కుండీని నిలుపుటయే దీనికి విరుగుడు. ఉదయమునుండి మధ్యాహ్నము వరకు ఎండ, ఆ పిమ్మట గోడ నీడ లభించే తూర్పు వైపు అన్నిటికంటె మంచిది. మన్ను ఎండకుండ పైన వేరుశనగ పొట్టును రెండంగుళముల మందమున పరచవలెను. మన జిల్లాలలో దానికి కొరత లేదు.

నీటి మాట

ఇక అసలైన ప్రశ్న నీటిది. కర్నూలు నుండి కడపకు కాలువ త్రవ్వించిన కాలము 1863 – 1870 నడుమది. ఆ కాలువ సిద్ధమైన కొలది యేండ్లకే, 1876 – 78 నడుమ, ఈ ప్రాంతమును మహాక్షామము పీడించినది. ఇట్టి నేలపై నీటిని లెక్కించి వాడుట పిసినారితనము కాదు, ఇంగితము. మూడు దినముల కొకసారి కొళాయి వచ్చే వీధిలో, త్రాగే నీటిని కుండీలకు పోయుమని నేను చెప్పను. చెప్పినను తల్లులు వినరు, వినకపోవుటే సరియైనది.

లెక్క చూడుడు. చలికాలములో కాపుకు వచ్చిన ఒక మొక్కకు దినమునకు లీటరున్నర నీరు చాలును. ఆరు మొక్కలకు తొమ్మిది లీటర్లు. ఒక మనిషి వజూకు పూటకు రెండు లీటర్లు మాత్రమే వాడినను, అయిదు పూటలకు పది లీటర్లగును. ఆ నీటిలో సబ్బు లేదు, ఉప్పు లేదు. కాలువలో కలిసిపోవుట తప్ప మరి యే ఉపయోగము పొందుట లేదు. అనగా ఇంటిలో ఒక్కరి వజూ నీరు ఆరు టమాటా మొక్కలను పోషించును. బియ్యము, పప్పు, కూరగాయలు కడిగిన నీరు దీనికి అదనము. సబ్బు నీరు మాత్రము పోయరాదు. నీటిని శుద్ధి చేసే యంత్రము బయటికి వదిలే నీటిలో లవణములు ఎక్కువ కనుక, దానిని నిత్యము పోసినచో కుండీ చౌడుబారును.

ఊరికి పోవలసినవారికి ఒక ప్రాచీన ఉపాయము ఉన్నది. మెరుగు పూయని చిన్న మట్టికుండను మూతి వరకు పెద్ద కుండీ మంటిలో పూడ్చి, నీరు నింపి, మూత పెట్టవలెను. మన్ను పొడిబారినకొలది నీరు కుండ గోడనుండి ఊరి వేళ్ళకు చేరును. ఈ పద్ధతిని క్రీస్తుపూర్వము మొదటి శతాబ్దమునాటి చీనా వ్యవసాయ గ్రంథమొకటి వర్ణించినది. మన కుమ్మరి చేసిన కుండ నేటికిని అంత పనిచేయును.

నీరు ఎంత పోసితిమన్నదాని కంటె, ఎంత క్రమముగా పోసితిమన్నది ముఖ్యము. నాలుగు దినములు ఎండగట్టి, అయిదవ దినమున ముంచెత్తినచో కాయలు పగులును. లేదా కాయ అడుగున నల్లని మచ్చ పడి కుళ్ళును. ఈ కుళ్ళు పురుగు వలన రాదు. నీరు సక్రమముగా అందక, కాయకు సున్నపు ధాతువు చేరకపోవుటయే కారణము. మందు చల్లి ప్రయోజనము లేదు. వేళకు నీరు పోయుటే మందు.

కాపుదల

మొక్క జానెడు ఎదుగగానే కట్టె నాటి, మెత్తని గుడ్డ పేలికతో వదులుగా కట్టవలెను. పూత కాలమున ప్రొద్దుట పూగుత్తి కాడను వ్రేలితో మెల్లగా తట్టినచో పుప్పొడి రాలి పిందె బాగుగా కట్టును. పొలములో ఈ పనిని గాలి, తేనెటీగలు చేయును. మిద్దెపై మనము చేయవలెను.

ఆకులు ముడుచుకొని మొక్క గిడసబారినచో అది తెల్లదోమ మోసికొని వచ్చే వైరసు తెగులు. దానికి చికిత్స లేదు. జాలి విడిచి ఆ మొక్కను పెరికి దూరముగా పారవేయుట మిగిలినవానికి రక్ష. దోమను పట్టుటకు పసుపు అట్టకు ఆముదము పూసి వ్రేలాడదీయవచ్చును. కాయతొలుచు పురుగునకు బంతి పువ్వులపై మోజు. రెండు కుండీల నడుమ ఒక బంతి మొక్క ఉండుట మంచిది. యాబది గ్రాముల వేప గింజల పప్పును దంచి, లీటరు నీటిలో రాత్రి నానబెట్టి, ఉదయము వడగట్టి, రవ్వంత సబ్బు కలిపి సాయంకాలము చల్లవచ్చును. బీడీ, సిగరెట్టు ముట్టిన చేతులతో మొక్కను తాకరాదు. పొగాకులోని వైరసు టమాటాకు సోకును. ఈ అలవాటును మానుటకు ఇదియు ఒక కారణమైనచో నేను సంతోషింతును.

ఎండను పనికి పెట్టుట

మంచి కాపు వచ్చిన కుండీ మొక్క ఒకటిన్నర నుండి రెండు కిలోల కాయ ఇచ్చును. ఆరు మొక్కలకు పది కిలోలు వచ్చిన గొప్పయే. ఇంత శ్రమకు పది కిలోలా అని నిరాశ పడనక్కరలేదు; మన లెక్క ఇంకను ముగియలేదు.

డిసెంబరు నుండి మార్చి వరకు అంగడిలో కూడ కాయ చవుకగా దొరకును. అప్పుడే దాచుకొనవలెను. టమాటాలో నూటికి తొంబదినాలుగు పాళ్ళు నీరే. ఆ నీటిని తీసివేసినచో కుళ్ళు పట్టదు. ఫిబ్రవరి, మార్చి నెలల మన ఎండ పొడిగా, తీక్షణముగా ఉండును. గాలిలో తేమ తక్కువ. కోస్తావారికి లేని ఈ సదుపాయము మనకు ఉచితముగా లభించినది. గట్టి పండ్లను కడిగి, తుడిచి, నాలుగు చీలికలు చేసి, ఉప్పు చల్లి, శుభ్రమైన గుడ్డపై పరచి, పైన పలుచని వల కప్పి మిద్దెపై ఎండబెట్టవలెను. రాత్రి లోపలికి తీయవలెను. నాలుగైదు దినములకు విరిస్తే విరిగేటట్లు ఎండును. అవే టమాటా ఒరుగులు. తడి లేని గాజుసీసాలో పెట్టి మూత బిగించినచో వేసవి అంతయు నిలుచును. బూజు కనబడినచో మాత్రము సంకోచింపక పారవేయవలెను. కిలో కాయకు అరువది, డెబ్బది గ్రాముల ఒరుగులు వచ్చును. ఒక పిడికెడు నానబెట్టినచో పూట పప్పుకు చాలును. సి విటమిను కొంత నశించును గాని, పులుపు, రుచి, లైకోపీన్ చాలవరకు నిలుచును.

పూతను రాల్చి మనకు కాయ లేకుండ చేసే ఎండయే, రెండు నెలలు ముందుగా పని చెప్పినచో, ఆ కాయను నిలువజేసి ఇచ్చును.

ఇందులో రైతు సంగతి కూడ ఉన్నది. ప్రతి ఇంటివారు టమాటా పండించుకొంటే రైతు గతి ఏమని ఒక విద్యార్థి అడుగవచ్చును. పది కిలోల కుండీ పంట రైతునకు పోటీ కాదు. అతనిని ముంచేది అందరి పంట ఒకే వారములో మార్కెట్టుకు చేరుట, చేరిన కాయ నాలుగు దినములకు మించి నిలువకపోవుట, నిలువజేసే పరిశ్రమ దగ్గరలో లేకపోవుట. పత్తికొండ ప్రాంతమునకు అట్టి పరిశ్రమ కావలెనన్న కోరిక నేటిది కాదు. అది వచ్చేటంతవరకు, ధర పడిపోయిన వారములో ఒక్కొక్క కుటుంబము రైతు చేతినుండి ఒక పెట్టె కాయ బేరమాడక కొని ఒరుగులు పెట్టుకొంటే, అది అతనికి కొంత ఊరట, జూలైలో మనకు కొంత నిశ్చింత.

కళాశాల సంఘము పెద్దలకు ఒక విన్నపము. కళాశాలలలో వజూ కొళాయిల నీరు కాలువలోనికి పోవుచున్నది. వసతిగృహములలో బియ్యము కడిగిన నీరు కూడ అంతే. ఆ నీరు పారే దారిలో పది గజముల చోటు విద్యార్థులకు విడిచిపెట్టి, ఆగస్టులో నారు పోయించి, మార్చిలో ఒరుగులు పెట్టించినచో దానికి పెద్ద వ్యయము కాదు. వృక్షశాస్త్రము చదివేవారికి పుప్పొడి పాఠము, వాణిజ్యశాస్త్రము చదివేవారికి ధరల పాఠము ఒకే కుండీలో దొరకును.

విద్యార్థులారా! విత్తనము వేసిన దినము మొదలు మొదటి పండు కోసే దినము వరకు సుమారు నూరు దినములు. నూరు దినములు నీరు లెక్కించి పోసి, ఆకు ఆకు తిప్పి చూచి, ఒక పండును చేతిలోనికి తీసికొన్నవాడు, కిలో రూపాయి అన్న వార్తను ఇతరులు చదివినట్లు చదువలేడు. ఆ రూపాయి వెనుక ఎన్ని దినములున్నవో అతనికి తెలియును. రాబోయే ఆగస్టులో ఆరు కుండీలు సిద్ధము చేసికొనుడు.